దీవి పడవకు బస్సు ఇంజను

జయరావు మేస్త్రీకి చెవులు మందగించాయని తిరుపతిలో తెలిసినవాళ్లు చాలా తక్కువ. భార్య జ్ఞానాంబకు తెలుసు, పరీక్ష చేసిన డాక్టరుకు తెలుసు. మిగతావాళ్లకు ఆయన తక్కువ మాట్లాడే మనిషి, ఏది అడిగినా తలూపే మంచివాడు.

కొండకు పోయే బస్సుల డిపోలో ఆయన ఉద్యోగమంతా ఇంజన్ల మధ్యే గడిచింది. అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కే బండికి మైదానంలో తిరిగే బండికి ఉన్న సుఖం ఉండదు. ఎక్కేటప్పుడు ఇంజను మూలుగుతుంది, దిగేటప్పుడు బ్రేకులు కాలుతాయి. అలాంటి బళ్ల ఇంజన్లను షెడ్డులో నిలబెట్టి, గరిష్ఠ వేగంలో అరిపించి, ఆ అరుపు మధ్యలో తల పెట్టి పనిచేసేవాడు జయరావు. పొడవాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజను మీద ఆనించి, పిడిని దవడ ఎముకకు తాకించుకుంటే లోపల ఏ బేరింగు అరిగిందో ఆయనకు తెలిసిపోయేది. రానురాను ఇంజను మాట ఎముకలోంచి అందుతూనే ఉంది గానీ, పక్కన నిలబడ్డ మనిషి మాట అందడం మానేసింది. సర్వీసు చివర్లో ఆయన్ను టైర్ల విభాగానికి మార్చారు. మోకాళ్ల నొప్పులని తానే అడిగి మార్పించుకున్నట్టు అందరికీ చెప్పాడు. ఆ రోజు ఇంట్లో అన్నం ముట్టలేదు.

వినపడనప్పుడు చిన్నగా నవ్వి తలూపడం అప్పుడే అలవాటైంది. ఒక ఆదివారం చర్చి ముందు సంఘ పెద్ద ఏదో అడిగితే అలాగే తలూపి వచ్చాడు. మరుసటి వారం క్రిస్మస్ పాటల బృందంలో ఆయన పేరు చదివారు. ఇల్లిల్లూ తిరిగి పాడుతుంటే ఈయన నోరు మాత్రం కదుపుతూ నడిచాడు. వెనక వస్తున్న జ్ఞానాంబ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"చెవిలో మిషను పెట్టించుకోవయ్యా, ఈ తిప్పలు తప్పుతాయి" అని ఆమె ఎన్నోసార్లు పోరింది.

"మిషను పెట్టుకున్నోని చేతికి ఇంజను ఎవురిస్తారే?" అనేవాడు. రిటైరయ్యాక ఇంజను ఇచ్చేవాళ్లు ఎలాగూ లేరు. ఆ మాట ఆమె పైకి అనేది కాదు.

అలా ఖాళీగా ఉన్న రోజుల్లో మునిరత్నం వచ్చాడు. ఆయన ఘాట్ రోడ్డు డ్రైవరు, జయరావు బాగుచేసిన బళ్లనే నడిపి రిటైరైనవాడు. కిటికీల్లోంచి తలలు బయట పెట్టే ప్రయాణికుల మీద అరిచి అరిచి ఆయన గొంతే పెద్దదైపోయింది. మునిరత్నంతో మాట్లాడటం జయరావుకు ఇష్టం. ప్రతి మాటా వినపడుతుంది.

"మా అక్క కొడుకు మునికుమార్ ఉండాడు గదప్పా, తడ దగ్గర పడవ నడుపుతాడు. వాని ఇంజను పట్టేసింది" అన్నాడు మునిరత్నం, అరుగు మీద కూర్చుంటూనే. "పాత బస్సు ఇంజను ఒకటి దొరికింది. మనం వాడిన రకమే. పడవలో పెట్టుకుంటానంటాడు. నువ్వు మొత్తం విప్పి మళ్లా కట్టాల."

"నేనా?"

"నువ్వు గాక ఎవురు? నీ చెయ్యి తప్ప దాని మీద ఇంకో చెయ్యి పడనియ్యను."

జ్ఞానాంబ కాఫీ ఇచ్చి, మునిరత్నం వెళ్లేదాకా ఆగి, భర్త ఎదురుగా నిలబడింది. "బస్సులు వేరు, పడవలు వేరు. నీళ్ల మీద పని నీకెందుకు?"

"ఇంజను యాడున్నా ఇంజనే" అన్నాడు జయరావు. చాలాకాలం తర్వాత ఆయన ముఖంలో వెలుగు చూసి ఆమె లోపలికి వెళ్లింది. మారు బట్టలు సంచిలో సర్దింది.

తడ దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చిన్న రేవు ఉంది. అక్కణ్నుంచి సరస్సు మధ్యలోని దీవికి మునికుమార్ పడవే దారి. బడికి పోయే పంతులమ్మలు, పాల క్యాన్లు, చేపల బుట్టలు, గ్యాసు సిలిండర్లు, జ్వరం వచ్చిన పిల్లలను ఎత్తుకున్న తల్లులు, అందరూ అందులోనే. మునికుమార్ వెనక నిలబడి చుక్కాని పడతాడు. అతని భార్య కోమలి టికెట్లు కొట్టి, ఇంజను మీద కప్పిన చెక్కపెట్టె పక్కన కూర్చుంటుంది.

రేవు వెనక రేకుల షెడ్డులో జయరావు పని మొదలుపెట్టాడు. పాత ఇంజనును నట్టుబోల్టుల దాకా విప్పి, కిరోసిన్‌లో కడిగి, అరిగినవి తీసి కొత్తవి వేసి, ఒక్కొక్క బేరింగూ తన చేత్తో కూర్చి కట్టాడు. వారాలు పట్టింది. ఆఖరికి ఇంజనును ఇనప స్టాండు మీద బిగించి, కొలిచి ఆయిల్ పోసి, బ్యాటరీ తగిలించి నడిపారు. ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు నిక్కచ్చిగా పైకి లేచి నిలబడింది. ఇంజను వేడెక్కాక కూడా దిగలేదు. జయరావు స్క్రూడ్రైవరు పిడిని దవడకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. లోపల అంతా నున్నగా తిరుగుతోంది. మునిరత్నం ఆయన వీపు మీద చరిచి, "పెండ్లికొడుకు మాదిరి ఉండాది గదప్పా!" అని అరిచాడు.

ఇంజనును పడవలోకి దించే పని మునికుమార్, రేవులోని మనుషులు చూసుకున్నారు. జయరావు తిరుపతికి వచ్చేశాడు. ఆ వారమంతా జ్ఞానాంబకు ఇంజను కథే చెప్పాడు.

తర్వాత ఫోను వచ్చింది. ఫోను ఎత్తడం జయరావు ఎప్పుడో మానేశాడు కాబట్టి జ్ఞానాంబే తీసింది. విని, ఆయన ముఖానికి దగ్గరగా వచ్చి గట్టిగా చెప్పింది. "మునికుమార్ చేసినాడు. కొన్ని దినాలు బాగానే నడిచిందంట. ఇప్పుడేమో ఆయిల్ ముల్లు పడిపోయిందంట. పడవ ఆపేసినారంట."

జయరావు, మునిరత్నం శ్రీకాళహస్తి మీదుగా బస్సులో తడ చేరారు. దారంతా జయరావు ఆయిల్ గురించే ఆలోచించాడు. మనిషికి రక్తపోటు ఎలాగో ఇంజనుకు ఆయిల్ ప్రెషర్ అలాగ. అడుగున ఉండే చాంబర్‌లోంచి పంపు ఆయిల్‌ను లాగి బేరింగులన్నిటికీ తోస్తుంది. ఆ తోపు తగ్గిందంటే ఇనుము ఇనుమును తింటున్నట్టే. కొత్తగా కట్టిన ఇంజనులో ప్రెషర్ పడిపోతే ఏ మేస్త్రీ అయినా ముందు అనుమానించేది కట్టిన చేతినే.

"నడి సరస్సులో ఎర్ర లైటు వెలిగింది మామా" అన్నాడు మునికుమార్, రేవులో దిగీ దిగకముందే. "ముల్లు సూస్తే అడుక్కు జారిపోయుండాది. వెంటనే ఆపేసినా. గడతో తోసుకుంటా వచ్చినాం."

"ఆపి మంచి పని చేసినావు నాయనా. అట్లనే పోయింటే బేరింగుల్లో తిరిగే క్రాంక్ కాలిపోయేది" అన్నాడు జయరావు.

పడవలోకి దిగి పని మొదలుపెట్టాడు. ముందు మీటరునే అనుమానించాలి కాబట్టి దాన్ని తీసి తన సంచిలోని మంచి మీటరు తగిలించాడు. అదీ అంతే చూపించింది. ఆయిల్ వేళ్ల మధ్య రుద్ది వాసన చూశాడు. డీజిల్ కలిసిన వాసన లేదు, పలచబడలేదు. పంపు పక్కన ప్రెషర్‌ను అదుపు చేసే వాల్వు విప్పాడు. స్ప్రింగు బాగానే ఉంది, చెత్త ఏదీ ఇరుక్కోలేదు.

ఆ సమయంలో కోమలి టీ తెచ్చింది. గ్లాసు అందిస్తూ ఇంజను పెట్టె వైపు, పడవ ముందు వైపు చెయ్యి చూపి ఏదో చెప్పింది. సరస్సు మీద గాలి హోరుమంటోంది. పక్క పడవ ఇంజను కొట్టుకుంటోంది. జయరావుకు ఒక్క ముక్కా అందలేదు. చిన్నగా నవ్వి తలూపాడు. ఆమె ఇంకాస్త సేపు నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత ఆయన ఆయిల్ మట్టం చూసే గేజి కమ్మీ బయటికి లాగాడు. ఆయిల్ పై గీత కంటే ఎక్కువగా అంటుకుని ఉంది. జయరావు కమ్మీ తుడిచి మళ్లీ ముంచి చూశాడు, అంతే ఉంది. తాను కొలిచే కదా పోశాడు. కొలత తప్పిందా? కళ్లు కూడా మోసం చేస్తున్నాయా? ఎవరికీ చెప్పకుండా అడుగు బోల్టు వదులు చేసి, కమ్మీ మీద గీత సరిపోయేదాకా ఆయిల్ బయటికి వదిలాడు.

మళ్లీ ఇంజను వేస్తే ముల్లు ముందుకంటే కిందికి పడింది. రేవులో కట్టి ఉంచి కాస్త వేగం పెంచినా వణుకుతూ జారిపోతోంది.

"బేరింగులే" అన్నాడు జయరావు, తనలో తాను అనుకుంటున్నట్టు. "నేనే సరిగ్గా కట్టలేదు."

"నువ్వా? యాడన్నా ఉందా ఆ మాట?" అని మునిరత్నం అడ్డుపడ్డాడు గానీ జయరావు అప్పటికే ఇంజను విప్పే పానాల కోసం వెతుకుతున్నాడు.

రేవు మనుషులు గొలుసు కప్పీ తగిలించి ఇంజనును మళ్లీ ఒడ్డుకు ఎత్తారు. షెడ్డులో జయరావు ఒక్కడే కూర్చుని దాన్ని విప్పాడు. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఒక్కొక్క బేరింగు మూత తీసి, క్రాంక్ మీద మెత్తటి ప్లాస్టిక్ దారం ముక్క పెట్టి, బిగించి, మళ్లీ తీసి చూశాడు. ఆ దారం ఎంత వెడల్పు నలిగిందో చూస్తే మధ్యలో ఎంత సందుందో తెలుస్తుంది. మొదటిది సరిగ్గా ఉంది. రెండోదీ సరిగ్గా ఉంది. ఒక్కొక్కటి చూస్తున్నకొద్దీ ఆయన భుజాల బిగువు సడలింది. అన్నీ చూశాక నేల మీద కాళ్లు చాపి గోడకు ఆనుకున్నాడు. తన చెయ్యి తప్పు చెయ్యలేదు. కళ్లు చెమర్చాయి. కాసేపటికి అసలు సంగతి గుర్తొచ్చింది. తప్పు ఇక్కడ లేకపోతే మరెక్కడుంది?

పంపు కూడా విప్పి చూశాడు, బాగానే ఉంది. అంతా కట్టి, స్టాండు మీద పెట్టి, కొత్త ఆయిల్ కొలిచి పోసి నడిపితే ముల్లు మునుపటిలాగే నిక్కచ్చిగా నిలబడింది. మునికుమార్ సంతోషంగా నలుగుర్ని పిలుచుకొచ్చి దాన్ని పడవలోకి దించాడు. గేజి కమ్మీ తీసి చూస్తే ఆయిల్ మళ్లీ ఎక్కువ చూపించింది. జయరావు మళ్లీ కాస్త వదిలేశాడు. రేవు దాటి నిండా వంద గజాలు పోకముందే ముల్లు జారింది.

పడవ తిప్పి కట్టేశాక మునికుమార్ ఇక పట్టలేకపోయాడు. "ఇంజను బాగుండాదని నువ్వంటావు, బాగలేదని ముల్లంటాది. నేను ఎవుర్ని నమ్మాల? దీవిలో జనం నా మొగం సూస్తా ఉండారు. టీచరమ్మలు వేరే వాళ్ల నాటు పడవలో తడుసుకుంటా పోతా ఉండారు. వయసైపోయినోల్లకి ఇట్లాంటి పని చెప్పడమే తప్పు!"

ఆ మాటలన్నీ జయరావుకు స్పష్టంగా వినపడ్డాయి. అరిచాడు కాబట్టి.

మునిరత్నం మేనల్లుడి మీదికి లేచాడు. జయరావు ఆయన చెయ్యి పట్టి ఆపాడు. "వాడు చెప్పింది తప్పు కాదులే" అని ఒడ్డెక్కి షెడ్డు వైపు నడిచాడు. మునికుమార్ అక్కడే నిలబడి తాడును ఊరికే చుట్టాడు, విప్పాడు.

మరుసటి రోజు శ్రీహరికోటలో రాకెట్ ఎగరేస్తారని సరస్సులో పడవలు తియ్యొద్దన్నారు. రేవంతా పండగ మాదిరి నిండిపోయింది. పనిలేని మగవాళ్లు పేకాటకు కూర్చున్నారు. జయరావు తిరుపతి బస్సుకు పోదామని సంచి సర్దుకున్నాడు. కోమలి తినిపోమని పట్టుబట్టి, రొయ్యల కూర వేసి అన్నం పెట్టింది. తిన్నాక ఆయన రేవు మెట్ల మీద కూర్చుంటే, ఆమె పక్కనే చిరిగిన వల ముందేసుకుని కూర్చుంది. కొంతసేపు సూదితో ముడులు వేసి, తలెత్తకుండానే ఏదో అంది.

జయరావు అలవాటుగా తల ఊపాడు.

ఆమె ఈసారి ఊరుకోలేదు. సూది పక్కన పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, చిన్నబోయినట్టుంది. అది చూసి జయరావుకు మొదటి రోజు టీ గ్లాసు, పడవ వైపు చూపిన చెయ్యి గుర్తొచ్చాయి. చుట్టూ చూశాడు. పేకాట దగ్గర ఎవరూ ఇటు చూడటం లేదు.

"అమ్మా కోమలీ, నాకు చెవులు సరిగ్గా ఇనపడవు" అన్నాడు. "ఇప్పుడు నువ్వేం చెప్పినావో నాకు తెలీదు. ఆ పొద్దు టీ ఇచ్చేటప్పుడు చెప్పింది కూడా తెలీదు. ఊరికే తలూపినా."

కోమలి నిట్టూర్చి వల పక్కకు తోసింది.

"అట్లనా మామా! ఆడదాని మాట గదా, ఇని పక్కన పెట్టేసినాడు అనుకున్నా. మా ఇంటాయన కూడా అంతే గదా అని గమ్మునుండిపోయినా."

ఆమె లేచి వచ్చి ఆయన ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుని, ఒక్కొక్క మాట విడగొట్టి గట్టిగా చెప్పింది. "నేను టికెట్లు కొట్టేసి ఇంజను పెట్టె పక్కనే కూసుంటా. ముల్లు నా కండ్ల ముందరే ఉంటాది. జనం గాలికి జడిసి ఎనక్కి సర్దుకుంటే ముల్లు దిగతాది. దీవి దగ్గర పడినాక దిగేదానికి అందరూ ముందరికి పోతారు గదా, అప్పుడు మళ్లా లేస్తాది. మొదటి దినం నుంచి అంతే. లైటు వెలిగిన పొద్దు ఎనక జనం మరీ ఎక్కువ."

జయరావు లేచి, మోకాళ్ల నొప్పులని చెప్పుకునే మనిషి కానట్టు పడవ వైపు పరుగుతీశాడు. వెనక్కి తిరిగి, "మునికుమారూ! ఇంజను వెయ్యప్పా! పేకాట ఆపి అందరూ ఇట్ల రండి!" అని కేకేశాడు. తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆయనకు తెలియదు. రేవంతా తిరిగి చూసింది.

పడవను మెట్లకు కట్టి ఉంచే ఇంజను నడిపారు. పేకాటవాళ్లు తమాషాగా ఉందని ఎక్కారు. జయరావు అందర్నీ ముందుకు పోయి కూర్చోమన్నాడు. ముల్లు మెల్లగా పైకి పాకింది. వెనక్కి రమ్మన్నాడు. పడవ వెనక భాగం నీళ్లలోకి దిగేకొద్దీ ముల్లు వణికి కిందికి జారింది. మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి. మునికుమార్ మీటరు మీదికి వంగి చూస్తూ, "ఇదేంది మామా, జనం బరువుకు ఆయిల్ ప్రెషరుకు ఏం సంబంధం?" అని అడిగాడు.

జయరావు ఇంజను ఆపించి, సగం నీళ్లున్న సీసా ఒకటి తెప్పించాడు. దాన్ని ఇంజను మీద పొడవునా పడుకోబెట్టాడు. లోపలి నీళ్లన్నీ పడవ వెనక వైపు మూలకు చేరాయి. ముందు వైపు సీసా ఖాళీగా ఉంది.

"ఇంజను కింద చాంబర్‌లో ఆయిల్ కూడా ఇట్లే పడుకోనుండాది" అన్నాడు. "నీళ్లలో తిరిగే ఫ్యాను కిందికి ఉండాలని పడవలో ఇంజనును ఎనక్కి వాల్చి పెడతారు. బస్సు ఇంజనులో ఆయిల్ లాగే గొట్టం ముందర ఉంటాది. ఆయిల్ ఎనక్కి పోతే గొట్టం గాలి పీలుస్తాది. నేను స్టాండు మీద చదునుగా పెట్టి నడిపినా, బాగుండాది అనుకున్నా."

మునిరత్నం నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో, అదా! ఆయిల్ తక్కువున్న బండిని కొండ ఎక్కిస్తే మలుపుల్లో ఎర్ర లైటు మినుకు మినుకు మంటాది గదప్పా! బస్సు అయితే మలుపు తిరిగినాక కాస్త చదునుకొస్తాది. ఈ పడవ పుట్టినకాడి నుంచి ఘాట్ రోడ్డు ఎక్కతానే ఉండాది."

"ఇంకోటి ఉండాది" అన్నాడు జయరావు. గేజి కమ్మీ లాగి మునికుమార్ చేతికిచ్చాడు. "ఇది ఎనక ఉండాది సూడు. ఆయిలంతా ఎనక చేరితే ఇది ఎక్కువ చూపిస్తాది. ఎక్కువ పోసినానేమోనని ఎవురికీ చెప్పకుండా రెండుసార్లు ఆయిల్ వదిలేసినా. ఉండేదే తక్కువ, దాన్ని ఇంకా తక్కువ చేసినా. అది నా తప్పు నాయనా. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది."

మునికుమార్ కమ్మీని గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు. "నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది మామా" అన్నాడు చివరికి. చిన్నగా అన్నాడు. జయరావుకు వినపడలేదు. ఆయన తలూపలేదు.

"ఏమన్నావు? గట్టిగా చెప్పు."

రేవు జనమంతా చూస్తుండగా మునికుమార్ గొంతెత్తి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. కోమలి ముఖం తిప్పుకుని నవ్వింది.

విషయం తెలిశాక పని కష్టమేమీ కాలేదు. ఇంజనును మళ్లీ ఒడ్డుకెత్తి చాంబర్ విప్పారు. సూళ్లూరుపేటలో శ్రీనివాసులు అనే వెల్డరు దగ్గరికి ఆయిల్ గొట్టాన్ని తీసుకుపోయి, దాన్ని పొడవు చేసి, కొసన ఉన్న జల్లెడ చాంబర్ వెనక మూలలో కూర్చునేలా వంచి అతికించారు. అతుకులో గాలి దూరే సందు లేకుండా జయరావు దగ్గరుండి చూసుకున్నాడు. గొట్టం ఊగకుండా చిన్న పట్టీ కూడా వేయించాడు. ఇంజను పడవలో కూర్చున్నాక, ఖాళీ చాంబర్‌లో కొలిచిన ఆయిల్ పోసి, గేజి కమ్మీ మీద ఆకురాయితో కొత్త గీతలు గీశాడు. పాత గీతలను అరగదీసేశాడు.

పరీక్ష రోజు రేవులో ఉన్నవాళ్లందర్నీ వెనకే కూర్చోబెట్టారు. పడవ ముక్కు గాల్లోకి లేచింది. మునికుమార్ వేగం పెంచాడు. జయరావు ఇంజను పెట్టె పక్కన, కోమలి రోజూ కూర్చునే పలక మీద కూర్చుని ముల్లు మీదినుంచి చూపు తిప్పలేదు. రేవు చిన్నదైపోయింది. ఇంజను వేడెక్కింది. నడి సరస్సులో గాలికి పడవ ఊగింది. ముల్లు కాస్త కదిలి మళ్లీ తన చోటికి వచ్చి నిలబడింది. దీవి ఒడ్డున కొంగలు లేచేదాకా అలాగే ఉంది. పడవ దిగి దీవి ఇసుకలో నిలబడ్డాక గానీ ఆయన గట్టిగా ఊపిరి తీసుకోలేదు.

తిరుపతికి వచ్చిన రాత్రి అన్నం తింటూ జ్ఞానాంబకు అంతా చెప్పాడు. కోమలికి ఏం చెప్పాడో కూడా చెప్పాడు. ఆమె అన్నం వడ్డిస్తున్న గరిట గిన్నెలో పెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది.

"నాకు కూడా నీ నోటితో ఎప్పుడూ చెప్పలేదు గదయ్యా. నేనే కనుక్కున్నా."

"చెప్పాల్సింది" అన్నాడు జయరావు.

ఆ వారమే ఇద్దరూ చెవి డాక్టరు దగ్గరికి వెళ్లారు. మిషను పెట్టుకున్న మొదటి రోజులు ఆయనకు నరకంగా గడిచాయి. ప్లేటు మీద చెంచా తగిలినా, ఫ్యాను తిరిగినా చెవిలో పిడుగు పడినట్టుండేది. రెండుసార్లు తీసి డ్రాయరులో పడేశాడు. జ్ఞానాంబ రెండుసార్లూ తెచ్చి చేతిలో పెట్టింది. నెమ్మదిగా అలవాటైంది. అయినా ఇంజను పని చేసేటప్పుడు మిషను తీసి జేబులో వేసుకుంటాడు. దవడ ఎముకే చాలంటాడు.

ఇప్పుడు నెలలో ఒకటి రెండుసార్లు ఆయన్ను సరస్సు వైపు పిలుస్తారు. మొన్న ఒకాయన ఇంజను పొగ కక్కుతోందని, అప్పటికే ఇద్దరు మెకానిక్కులు చూశారని వచ్చి వివరంగా చెప్పుకుపోతున్నాడు. జయరావు అంతా విని, పడవలో ఇంజను పక్కన రోజూ కూర్చునేది ఎవరని అడిగాడు. తన తల్లి కూర్చుంటుందని, ఆమెకు ఇంజను గురించి ఏమీ తెలియదని ఆయనన్నాడు.

"పిలువప్పా, మాట్లాడదాం" అన్నాడు జయరావు. ఆ ముసలామె వచ్చేదాకా పానాల సంచి విప్పలేదు. ఆమె కొంగు తల మీదికి లాక్కుంటూ మొహమాటపడుతూ వస్తే, లేచి తన పక్కన మెట్టు మీద చోటు చూపించాడు.